సాధుజంతువు

పిల్లలచేత వర్ణనాత్మక వ్యాసము వ్రాయింప బూనుకొన్న తెలుగు పండితునకు మొట్టమొదట ఎదురగు జంతువు ఆవు. దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక. అది గడ్డి తిని పాలిచ్చును. తరతరములుగా ఆంధ్రదేశమందలి నోటుపుస్తకములలో మేయుచున్న ఈ గోవు ఇంతవరకు ఒక్క పర్యాయమైనను ఈనలేదు, వట్టిపోలేదు, పొరుగువాని చేనబడి బందెలదొడ్డికి పోలేదు. ఈనకయే పాలిచ్చుట దాని మహిమ.

నా నాల్గవ ఫారములో ఒక రైతుబిడ్డ యుండెను. తెల్లవారుజామున లేచి పాలు పితికి, వాడుకయిండ్లకు పోసి, ఆ పిమ్మట బడికి వచ్చువాడు. ఒకనాడు మోకాలి క్రింద వాపుతో కుంటుచు రాగా, ఏమిరా యని యడిగితిని. "ఆవు తన్నిందండీ" అనెను. ఆ గంటలోనే ఆవును వర్ణింపుమనగా, ఆ వాచిన కాలినే బల్ల క్రింద చాచుకొని, "ఆవు సాధుజంతువు" అని నిస్సంకోచముగా ప్రారంభించెను.

"తన్నిన సంగతి ఏదిరా?"

"అది మా ఆవండి. ఇది పరీక్షలో ఆవండి."

ఇంత స్పష్టమైన ద్వైతసిద్ధాంతమును నేను మాధ్వపండితుల నోటగూడ వినియుండలేదు.

తప్పు వానిది కాదు, మన వర్ణనసంప్రదాయమునది. దండి తన కావ్యాదర్శమున మహాకావ్యమునకు నగరము, సముద్రము, శైలము, ఋతువులు, చంద్రోదయము మొదలగు వర్ణనములను విధింపగా, మనవారు వానిని పదునెనిమిదిగా లెక్కపెట్టుకొని స్థిరపడిరి. అందు మధుపానాదులు బడిలో ప్రస్తావింప దగినవి కావు. తక్కినవానిలో గోవునకు చోటు లేదు. అయినను, సింహాసనమున కూర్చుండి సామ్రాజ్యము నేలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించుచు, మేఘములతో తృప్తినొందక, ముసురులో పొయ్యి రాజేయలేక ఇల్లాండ్రు పడు పాట్లనుగూడ చూడగలిగెను గదా! రాయలకు పొయ్యి కనబడినప్పుడు, పాలు పితుకువానికి ఆవేల కనబడదు?

కావున మరునాడు పుస్తకములు మూయించి వానినే ప్రశ్నించితిని. కొనునప్పుడేమి చూతురురా?

"పళ్ళు చూస్తారండి. పై దవడకి ముందుపళ్ళుండవండి, కింది పళ్ళే చూడాలి. రెండు పెరిగితే రెండుపళ్ళదండి, నాలుగు పెరిగితే నాలుగుపళ్ళదండి. తర్వాత సుడులు చూస్తారండి."

"పాలెట్లు పితుకుదువు?"

"ముందు దూడని విడవాలండి, అప్పుడుగాని చేపదు. మా నాయన చుట్ట ముట్టించుకుని పక్కకొచ్చాడంటే ఎగచేపేస్తుందండి. నిన్న తన్నింది అందుకేనండి."

తరగతియంతయు నిశ్చేష్టమై వినెను. అందు సగమువంతు పిల్లల యిండ్లలో ఆవులున్నవి. ఇదియంతయు వ్రాయుమంటిని. "మార్కులు పోతాయండి" అని వాడు గునిసెను. ధైర్యము చెప్పి వ్రాయించితిని. వ్యాసము ఎంత బాగుండెననగా, దానిని చదువుకొనిన వాని చెల్లెలు ఇంటిలో బిగ్గరగా మరల చదువగా, తండ్రి చెవిని బడెను. మరునాడు ఆయన భుజముమీది కండువా సవరించుకొనుచు, ఆరిపోయిన చుట్ట చేతబట్టుకొని బడికి వచ్చి, "ఏమండీ పంతులుగారూ, మా యింటి గుట్టంతా పిల్లల చేత రాయిస్తున్నారటగదా! ఇదేం చదువండీ?" అని నిలదీసెను. గైడులో ఇట్లు లేదని ఆయన ప్రధానాభియోగము. నిజమే, లేదు.

తండ్రులారా, ఇదియే నా విన్నపము: వర్ణన నేర్వవలసిన మీ బిడ్డలకు గైడులు కొనిపెట్టకుడు, పాలు పితుకువేళ చుట్ట మాత్రము కొంచెము దూరమున కాల్చుకొనుడు.