తొట్టి పద్యానికి టీకా తాత్పర్యం

గన్నుతోడఁ గొట్టఁ గట్టియౌఁ గాంక్రీటు
తట్ట మోసి పోయఁ దగ్గు ఖర్చు
నీళ్లు లేనిచోట నిర్మించు తొట్టికి
మేలదేది చెప్పు మేస్తిరన్న

అవతారిక: గార్లదిన్నె మండలంలో చీనీతోట ఉన్న ఒకానొక రైతు, ఇంటి వెనక ఈతకొలను కట్టించదలచి మేస్త్రీతో పలికిన ఆటవెలది ఇది. తాళపత్ర ప్రతి లేదు. సిమెంటు సంచి లోపలి పొర మీద పెన్సిలుతో రాసినదే మూలం.

టీక: గన్నుతోడన్ = గాలి ఒత్తిడితో సిమెంటు చిమ్మే యంత్రంతో; కొట్టన్ = కమ్ములు కట్టిన గుంత గోడకు కొడితే; కాంక్రీటు గట్టి ఔన్ = కాంక్రీటు దిట్టమవుతుంది; తట్ట మోసి పోయన్ = కూలీలు నెత్తిన మోసుకొచ్చి సెంట్రింగ్ పలకల నడుమ పోస్తే; ఖర్చు తగ్గు = ఖర్చు తగ్గుతుంది. తక్కినది సులభం.

విశేషాలు: ఈ గన్నును కనిపెట్టినవాడు ఇంజినీరు కాడు. చనిపోయిన జంతువుల తోళ్లకు సజీవమైన రూపం కల్పించి మ్యూజియంలో నిలబెట్టే అమెరికా శిల్పి కార్ల్ ఏక్లీ. షికాగోలో ఫీల్డ్ మ్యూజియం గోడలు పెచ్చులూడుతుంటే పూత కోసం 1907 ప్రాంతంలో దీన్ని సిద్ధం చేశాడు. 1911లో పేటెంటు దక్కింది. ఏనుగు మీదా గోడ మీదా గన్నే ప్రయోగించిన మహానుభావుడు కనుక 'కొట్టన్' అన్న క్రియ ఇక్కడ మిక్కిలి ఉచితం.

గన్ను రెండు విధాలు. ఎండు పద్ధతిలో సిమెంటూ ఇసకా పొడిగానే గొట్టంలో పరుగెత్తి, నాజిలు దగ్గర నీళ్లను కలుసుకుంటాయి. నీళ్లెన్నో నిర్ణయించేది నాజిలు పట్టినవాడి చేతిలోని వాల్వు. తడి పద్ధతిలో ముందే కలిపిన కాంక్రీటును పంపు తోస్తుంది, చివర్లో గాలి విసురుతుంది. రెంటిలోనూ గోడకు తగిలి కొంత వెనక్కి రాలుతుంది. ఎండు పద్ధతిలో ఆ రాలుడు మరీ ఎక్కువ. రాలినదాన్ని ఎత్తి మళ్లీ వాడితే దోషం. నాజిలును గోడకు లంబంగా పట్టకపోతే కమ్ముల వెనక బోలు మిగిలిపోతుంది. ఆ సంగతి తొట్టి కారిననాడుగానీ తెలియదు.

'తగ్గు' అన్నది ద్రుతం మీద సరళాదేశం పొంది 'దగ్గు' అయింది. దీన్ని పట్టుకొని, తట్ట మోసేవారికి దగ్గు వస్తుందని కొందరు అర్థం చెబుతారు. అది పొసగదు. ధూళి రేగేది ఎండు గన్నుకు కనుక, ఆ దగ్గు మొదటి పాదానికి చెందాలి.

'నీళ్లు లేనిచోట': పెన్నా మీద పెనకచెర్ల డ్యాం ఈ మండలంలోనే ఉండగా, తుంగభద్ర నీళ్లు ఎగువ కాలువ గుండా దానిలో పడుతుండగా, ఈ మాట ఎలా చెల్లుతుందని పూర్వపక్షం. సమాధానం: డ్యాం నీళ్లు ఆయకట్టువి, ఊళ్లవి. ఈ రైతుకున్నది బోరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, అంతకు ఎన్నో రెట్లు ఆవిరి. అయితే ఈ కరువు తొట్టికి ఒక మేలు చేసింది. కోనసీమలో ఖాళీ కొలనును అడుగున ఉన్న భూగర్భజలం పైకెత్తే ప్రమాదముంది. ఇక్కడ నీళ్లు వందల అడుగుల కింద ఉన్నాయి కనుక ఆ భయమే లేదు.

'తొట్టికి': ఈతకొలను అనకుండా తొట్టి అనడంలో కవి జాగ్రత్త చూడదగ్గది. పక్క తోటలో చీనీచెట్లు ఎండుతుంటే ఈతకొలను అన్న మాట నోరు దాటదు. పైగా అసత్యమూ కాదు. పిల్లలు ఈదిన నీళ్లే డ్రిప్పు గొట్టాల్లో చెట్లకు పారాలని అతని ఆలోచన. క్లోరిన్ వద్దు, నీళ్లు నిలవ ఉండవు. పాతకాలంలో బెండ్లు కట్టుకొని ఈత నేర్చిన దిగుడుబావులు ఎండిపోయాక పిల్లలు ఈత ఎక్కడ నేరుస్తారన్నది నాకైతే న్యాయమైన ప్రశ్నే.

తాత్పర్యం: వంపులు తిరిగిన కొలనుకు గన్ను, నలుచదరపు తొట్టికి తట్ట. సొరంగాలకూ కొండచరియలకూ వెళ్లే యంత్రం ఇంత చిన్న గుంత కోసం రాదు. వస్తే కంప్రెసరు బాడుగా నాజిలువాడి బత్తా కలిసి చీనీ పంటను మింగుతాయి. కాబట్టి తట్టే మేలు. కానీ తట్టకూ నియమాలున్నాయి. జారుతుందని నీళ్లెక్కువ పోసి జావ చేయరాదు. 50 కిలోల బస్తాకు సుమారు 22 లీటర్లు, తడి ఇసకలోని నీటితో కలిపే. వైబ్రేటరు తప్పదు. అడుగూ గోడా కలిసేచోట పీవీసీ పట్టీ పెట్టకపోతే గన్నైనా తట్టైనా ఒకటే.

ఇక అసలు చిక్కు. ఐ.ఎస్. 456 అనే శాస్త్రం (2000 నాటి ప్రతి) ఎండా పొడిగాలీ ఉన్నచోట కాంక్రీటును కనీసం 10 రోజులు తడిగా ఉంచమంటుంది. తెల్లవారుజామున పోసి, గోనెపట్టాలు కప్పి, ఆరకుండా తడపాలి. అంటే 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు తొట్టి నిండడానికి కావలసిన 22 వేల పైచిలుకు లీటర్లకు ముందే, నీళ్లు తాగే పని గోడలది. కవి రెండు పద్ధతుల నడుమ ఊగిసలాడాడుగానీ, ఈ దాహం రెండింటికీ సమానమని గమనించలేదు.

మేస్త్రీ ప్రత్యుత్తరం పద్యంగా దొరకలేదు. అదే సంచి వెనక వచనంలో ఇలా ఉంది: "అదంతా సరేగానీ అన్నా, బోర్లో నీళ్లెన్ని ఇంచులు పడతాండాయి?"