అడిగితేనే కదా కాదనేది!

మూడో అంతస్తులో ఉండే ఆవిడ మీకు నచ్చింది. బ్యాంకులో ఉద్యోగం, మూడో తరగతి చదివే కూతురు, ఇంటి బరువంతా ఒక్కర్తే మోస్తోంది. మీకేమో ముప్ఫై ఆరు దాటాయి. ఇలాంటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటే. వెళ్లి అడిగేస్తారు. అడిగాక జవాబొస్తుంది. అవునంటే మర్నాటి నుంచి బాధ్యతలు, కాదంటే లిఫ్టులో తలెత్తుకోలేం. మీ మేలు కోరి చెబుతున్నాను, ఈ రెండూ మీకొద్దు. మియాపూర్, నిజాంపేట వైపు ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా పనికొచ్చే పద్ధతి ఇదిగో.

1. ఆవిడ గురించి ఏమీ తెలుసుకోకండి. భర్త పోయారా, విడాకులా అని ఆరా తీయడం శ్రమ. ఎదురుపడగానే తల పంకించి "జరిగిందేదో జరిగిందిలెండి" అనండి. రెంటికీ సరిపోతుంది. ఆయన దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నా సరిపోతుంది.

2. మీ గొప్ప మనసు మొదటి రోజే తెలియనివ్వండి. లిఫ్టు మూడో అంతస్తు నుంచి సెల్లారుకి దిగేలోపు వీరేశలింగం గారి ప్రస్తావన తెచ్చేయాలి. వితంతువుల పెళ్లికి చట్టం 1856లోనే వచ్చినా, రాజమండ్రిలో పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి పెళ్లి చేయించేదాకా మనవైపు కదలిక లేదని చెప్పండి. ఆయన ఇతరులకు చేయించారు, మీరు స్వయంగా చేసుకోవడానికి కూడా వెనకాడని మనిషి. పోలిక ఆవిడే వేసుకుంటుంది. వేసుకోకపోతే మీరే వేసి చూపించండి. "త్యాగం" అన్న మాట కనీసం రెండుసార్లు దొర్లాలి. వదులుకుంటున్న కట్నం అంకె కూడా చెబితే త్యాగం బరువు తెలుస్తుంది. ఆవిడ రెండో అంతస్తులోనే దిగి మెట్లెక్కి వెనక్కి వెళ్లిపోతే, మాట మనసుకి తగిలిందన్నమాట.

3. పాప ప్రాజెక్టు వర్కు నెత్తిన వేసుకోండి. ఆవిడ ఎదురుగానే, పదిమంది వినేలా ఒప్పుకోవాలి. ఒప్పుకున్న క్షణంలోనే పేరంతా వచ్చేస్తుంది, చేస్తే కొత్తగా వచ్చేదేమీ లేదు. సౌరకుటుంబం ఇచ్చారనుకుందాం. మీ అదృష్టం కొద్దీ ప్లూటోని 2006లోనే గ్రహాల లెక్కలోంచి తీసేశారు, అక్కడికే ఒక బంతి కలిసొచ్చింది. మిగిలిన ఎనిమిదిలో భూమికీ శనికీ రంగు వేయండి. సోమవారం పొద్దున బస్సు హారన్ కొడుతుండగా థర్మాకోల్ అట్ట పాప చేతిలో పెట్టి, మిగతావి సూర్యుడి వెనక ఉన్నాయని టీచరుకి చెప్పమనండి. పాప ఏడుస్తుంది. తల్లి ఓదారుస్తుంది. ఆ ఓదార్పులో మీ పేరు కచ్చితంగా వస్తుంది. ఇంట్లో మన పేరు వినపడటం చిన్న విషయం కాదు.

4. సందేశాలు గ్రూపులోనే పంపండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజూ గులాబీతో శుభోదయం పెట్టండి. నూట ఇరవై ఫ్లాట్లకీ పెట్టిన గులాబీ ఆవిడకీ పెట్టినట్టే. ఎవరైనా నిలదీస్తే "అందరికీ పెట్టానండీ" అనొచ్చు. నీళ్ల ట్యాంకరు గొడవ నడుస్తున్నప్పుడు కూడా ఆపకండి.

5. మంచిరోజు చూసుకోండి. ఈ పద్ధతికి ఆయువుపట్టు ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు, పెదవి విప్పకూడదు. గురుమూఢం, శుక్రమూఢం ఎప్పుడో ఒకప్పుడు తగులుతూనే ఉంటాయి. డిసెంబరు మధ్య నుంచి భోగి దాకా ధనుర్మాసం. జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది, అక్కడ అడుగుదామనుకోండి. ఫిబ్రవరి మధ్య దాకా ఉంటుంది కాబట్టి తొందరేం లేదు, ఈలోపు అయిపోతుంది. మార్చి అంటే బ్యాంకుల లెక్కల ముగింపు, పాపకేమో పరీక్షలు దగ్గరపడతాయి. అలాంటప్పుడు కదిలించడం సంస్కారం కాదు. వేసవిలో వాళ్లు అమ్మమ్మగారింటికి పోతారు. జూన్‌లో ఫీజులు కట్టే చిరాకు. దసరాకి బతుకమ్మ హడావిడి. ఇక మిగిలింది కార్తీకం. ఇదొక్కటే ప్రమాదకరమైన నెల. వనభోజనాలంటారు, ఉసిరిచెట్టు కింద పక్కపక్కనే విస్తరి పడుతుంది, ఆవిడే మాట కలుపుతుంది. ముందురోజు రాత్రి ఐస్‌క్రీం తిని గొంతు పోగొట్టుకోండి.

6. కాఫీకి పిలవక తప్పని పరిస్థితి వస్తే మీకు వీలైన టైమే చెప్పండి. శనివారం రాత్రి తొమ్మిది బాగుంటుంది. పాపని ఎవరి దగ్గర వదలాలో ఆవిడ చూసుకుంటుంది, తల్లికి అవన్నీ అలవాటే. పాపకి జ్వరం, రాలేనని మెసేజ్ వస్తే చూసి కూడా జవాబివ్వకండి. రెండ్రోజులు మొహం ముడుచుకు తిరగండి. జ్వరం తగ్గిందా అని అడిగారో, అంతటితో మీ అలక విలువ పోయింది.

7. మాజీ భర్త ఆదివారం పాపని చూడ్డానికి వస్తే పార్కింగ్‌లో ఆయన స్థలానికి మీ బండి అడ్డం పెట్టండి. విడాకులే అని అప్పుడు మీకూ ఖాయమవుతుంది.

8. కాగితాల సంగతి తొలి పరిచయంలోనే తేల్చండి. హిందూ దత్తత చట్టం (1956) ప్రకారం పదిహేనేళ్లు నిండని పిల్లల్నే సాధారణంగా దత్తత తీసుకోవచ్చు. పాపకి ఎనిమిది. అంటే దగ్గర దగ్గర ఏడేళ్ల టైముంది. ఈ లెక్క ఆవిడకి చెప్పండి, మీరెంత ముందుచూపుతో ఉన్నారో అర్థమవుతుంది. దత్తతకి కన్నతండ్రి ఒప్పుకోవాలి, ఆయన్ని ఒప్పించే పని ఆవిడకే అప్పగించండి. పాపకి ఇష్టమో కాదో అడగడం మాత్రం వద్దు. మూడో తరగతి పిల్లలు ఉన్నదున్నట్టు చెప్పేస్తారు.

9. మధ్యలో ఒకాయన వస్తాడు. ఆవిడ బ్యాంకులోనే పనిచేస్తాడు, ఉండేది ఉప్పల్. "పాపకి ఎప్పుడు వీలవుతుందో చెప్పండి, ముగ్గురం కలిసి టిఫిన్ చేద్దాం" అని నేరుగా అడిగేస్తాడు. తొందరపాటు మనిషి. కంగారుపడకండి. వాళ్లు స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద నోటీసిస్తే ముప్ఫై రోజులు ఆగాల్సిందే. నెల రోజులంటే మీకు బోలెడు వ్యవధి. అభ్యంతరం చెప్పడానికి చట్టంలో కారణాలున్నాయి, మీకున్న కారణం అందులో లేదు. పైగా వెళ్లి రాసివ్వాలి. ఎండలో ఎవరు తిరుగుతారు?

10. ఆ పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరే దొరికితే ఆవిడ మీకే ఫోన్ చేస్తుంది. ఇన్నాళ్ల కృషికి ఫలితం ఆ ఫోనే. ఇస్త్రీ చొక్కా వేసుకోండి, ఆధార్ జిరాక్సు పట్టుకెళ్లండి, దారిలో పాపకి పెన్సిల్ బాక్సు కొనాలనిపిస్తే వచ్చే ఏడాది కొందాంలే అనుకోండి. రిజిస్ట్రారు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెట్టి, పక్కన ఇంటి చిరునామా పూర్తిగా రాయండి. రాశాక ఒక్కసారి పత్రం పైనుంచి కిందికి చూడండి. ఆవిడ అపార్ట్‌మెంటూ మీ అపార్ట్‌మెంటూ ఒకటే. పెళ్లికొడుకుది ఉప్పల్.