నిజం చెప్పేవాడికే టైమౌట్

విదేశానికి పోయే ముందు ఆన్‌లైన్‌లో అనుమతి అడిగే ఫారాల మీద నలుగురూ చెప్పే ఫిర్యాదు ఒకటే, అవి మనల్ని దొంగల్లా చూస్తాయని. నా ఫిర్యాదు అది కాదు. దొంగను దొంగలా చూస్తే తప్పేముంది? ఈ ఫారాలు అసలు దొంగ జోలికే పోవు. అబద్ధం ఆడదలుచుకున్నవాడు గబగబా నింపేసి, టీ తాగి ఇంటికి పోతాడు. ప్రతి గడి దగ్గరా ఆగి, ఇది నిజమేనా అని తనను తాను నిలదీసుకునేవాడే అందులో ఇరుక్కుంటాడు. అమెరికా వీసాకు నింపే డీఎస్-160 ఫారం సుమారు ఇరవై నిమిషాలు ఏమీ నొక్కకుండా కూర్చుంటే టైమౌట్ అయిపోతుంది. అంతసేపు ఆలోచించాల్సిన అవసరం అబద్ధాలకోరుకు ఏముంటుంది? తలుపు మూసుకున్నది ఎవరి ముఖం మీదో దీన్నిబట్టే తెలుస్తోంది.

ఈ మాట రుజువు చేయడానికి డోన్‌ను మించిన ఊరు లేదు. పాతవాళ్లకు ద్రోణాచలం, ఇప్పటివాళ్లకు డోన్. 2022 ఏప్రిల్ 4 దాకా కర్నూలు జిల్లా, ఆ రోజు నుంచి నంద్యాల జిల్లా. మనిషి కదల్లేదు, ఇల్లు కదల్లేదు, జిల్లా మాత్రం లేచిపోయింది. కూతురి పురిటికి డల్లాస్ పోవాల్సిన ఇక్కడి పెద్దాయన చేతిలో ఒక కాగితం కర్నూలు అంటుంది, ఇంకోటి నంద్యాల అంటుంది, రెండూ నిజమే. పుట్టినరోజు సంగతికొస్తే, ఆ తరంలో జులై 1న పుట్టినవాళ్లు ఎంతమందో లెక్కే లేదు. ఆ ఒక్కరోజు సీమలో మంత్రసానులకు ఊపిరి సలిపి ఉండదు. అసలు సంగతి అందరికీ తెలిసిందే, బళ్లో చేర్చిననాడు అయ్యవారు చేతికొచ్చిన తేదీ రాశాడు. పెద్దాయన శ్రావణమాసంలో, వాన పడుతున్న రోజు పుట్టాడని వాళ్లమ్మ చెప్పింది. ఆ ముక్క నిజం, కానీ పనికిరాదు. జులై 1 కల్పితం, కానీ పాస్‌పోర్టులో ఉంది కాబట్టి అదే చెల్లుతుంది. ఫారానికి కావలసింది కాగితాలన్నీ ఒకే మాట మీద నిలబడటం, అంతకుమించి దానికి నిజంతో పని లేదు. ఒక్కచోట మాత్రం దాన్ని మెచ్చుకోవాలి. తల్లిదండ్రుల పుట్టినతేదీలు అడిగే చోట ‘తెలియదు’ అని ఒక గడి పెట్టారు. అరవై దాటిన మనిషి వాళ్లమ్మ పుట్టినతేదీ చెప్పలేకపోవచ్చని ఎవరికో తట్టింది. వాళ్లెవరో చల్లగా ఉండాలి.

పేరు దగ్గర అంత దయ లేదు. మనవాళ్లు ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగా పేరుకు ముందు తగిలించి బతికేశారు. పాస్‌పోర్టు తీసుకున్నప్పుడు పేరంతా ఒకే గడిలో పడి, ఇంటిపేరు గడి ఖాళీగా మిగిలిపోయినవాళ్లు చాలామంది. అలాంటివారికి అమెరికా వీసా వచ్చినప్పుడు ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి ఎక్కుతుంది, సొంతపేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. మొదటిపేరు తెలియదు అని దానర్థం. ఊరంతా పేరు పెట్టి పిలిచే మనిషి విమానం దిగేసరికి పేరు తెలియనివాడవుతాడు. 2022 నవంబరులో యూఏఈ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వమన్నారు. తర్వాత, పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరుంటే ఫర్వాలేదన్నారు. ఇంతా చేసి డీఎస్-160లో మన లిపిలో పూర్తి పేరు రాయమని ఒక గడి ఉంది, తెలుగులో చక్కగా రాసుకోవచ్చు. దాని దగ్గర్లోనే మీకు టెలికోడ్ ఉందా అని ఇంకో ప్రశ్న. టెలిగ్రాముల కాలంలో చైనా అక్షరాలకు ఇచ్చిన నాలుగంకెల సంఖ్యలవి. డోన్‌లో ఎవరికీ ఉండదు, కానీ ఉండాలేమోనన్న బెంగ అందరికీ పట్టుకుంటుంది.

అసలు వినోదం భద్రత ప్రశ్నల్లో ఉంది. మారణకాండలో పాల్గొన్నారా? గూఢచర్యం చేసే ఉద్దేశం ఉందా? సాయుధ ముఠాల్లో ఎప్పుడైనా ఉన్నారా? (సినిమాల్లో మాత్రమే మన సీమను చూసినవాడు ఈ గడి దగ్గర మనవైపు ఓరగా చూస్తాడు, చూడనీండి.) నిజంగా ఉగ్రవాది అయినవాడికి ఇక్కడ వేలు వణకదు, ‘నో’ అని నొక్కి కిందికి పోతాడు. ఇంకో గడి తుపాకులు, పేలుడు పదార్థాలు, రసాయనాల్లో మీకు ప్రత్యేక శిక్షణ ఉందా అని అడుగుతుంది. డోన్, బేతంచెర్ల చుట్టుపక్కల ఉన్నది రాళ్ల బతుకు. గనిలో తూటా పేల్చాలంటే గనుల భద్రత శాఖ ఇచ్చిన బ్లాస్టర్ సర్టిఫికెట్ ఉండాలి. అలాంటి సర్టిఫికెట్‌తో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి ఇప్పుడు ఏం నొక్కాలి? ‘ఎస్’ అంటే మనవణ్ణి ఎత్తుకోవడానికి పోతున్న తాత పేలుళ్ల నిపుణుడిగా లెక్కకెక్కుతాడు. ‘నో’ అంటే ప్రభుత్వం సంతకం పెట్టిచ్చిన కాగితం ఇంట్లో బీరువాలో ఉంది. మీరు ఏదైనా వంశానికో తెగకో చెందినవారా అని మరో ప్రశ్న ఉంది. గుళ్లో అర్చన చేయించుకునేటప్పుడు గోత్రం గట్టిగా చెప్పే మనిషి అక్కడ ఐదు నిమిషాలు ఆగిపోతాడు. గోత్రం రాయాలా, కులం రాయాలా, ఇంటిపేరు రాస్తే సరిపోతుందా?

దీనికి చట్టం తెలిసినవాళ్లు చెప్పే సమాధానం ఒకటుంది, అది బలమైనదే. ఆ ప్రశ్నలు ఉగ్రవాదిని పట్టుకోవడానికి కాదు, అతనిచేత అబద్ధం రాయించుకోవడానికి పెట్టారు. రేపు దొరికితే అతని నేరాలన్నీ రుజువు చేయనక్కర్లేదు, తప్పుడు సమాచారంతో వీసా తెచ్చుకున్నాడన్న ఒక్క కారణం చాలు, శాశ్వతంగా తలుపు మూయొచ్చు. ఒప్పుకుంటాను. అయితే దీన్నిబట్టి నా మాట ఇంకా గట్టిపడుతోందే గాని తేలిపోవడం లేదు. ఆ వల ఎప్పుడో ఒకప్పుడు దొంగకు బిగుసుకుంటుందేమో, ఈలోగా ఈ పూటే అందులో కాలు పెట్టి విలవిల్లాడేది మాత్రం బ్లాస్టర్ తాతే. దేవుళ్లకు ఈ బాధ లేదు. ఆళ్లగడ్డలో శిల్పులు చెక్కిన విగ్రహాలు అమెరికా గుళ్లకు పోతుంటాయి. శంఖచక్రాలు, త్రిశూలం, గద, ఎన్ని ఆయుధాలు పట్టుకున్నా వాటిలో శిక్షణ ఉందా అని స్వామిని ఎవరూ అడగరు. అహోబిలం నరసింహుడైతే ప్రాణం తీశారా అన్న గడి దగ్గర చాలా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చేది. అమెరికా పోయే విగ్రహం కూర్చున్న చెక్కపెట్టెలో పురుగు లేదని వేడిచేసి ముద్ర కొట్టించాలి, ఆ ముద్రే దేవుడి వీసా.

ఇదంతా పేద దేశాల మీద చిన్నచూపు అనేవాళ్లతో నేను ఏకీభవించను. 2009 జనవరి 12 నుంచి వీసా అక్కర్లేని దేశాలవాళ్లు కూడా అమెరికా విమానం ఎక్కే ముందు ఎస్టా అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాల్సిందే. అందులోనూ ఉగ్రవాదం, మారణకాండ వగైరా ప్రశ్నలు ఉన్నాయి. 2025 జనవరిలో బ్రిటన్ పెట్టిన అలాంటి అనుమతే, ఈటీఏ, అమెరికన్ల దాకా వచ్చింది. ఫోన్‌లో పాస్‌పోర్టును ఫొటో తీసి, అప్పట్లో ఉన్న పది పౌండ్లు కట్టడమే వాళ్లకు పెద్ద తలనొప్పి అయింది. మన తాత కట్టే 185 డాలర్లూ, ఆపైన హైదరాబాద్ ప్రయాణమూ వాళ్లు వినలేదు, పాపం. ఇక మనమేం తక్కువ తినలేదు. 2014 నవంబరు 27న మన దేశం పెట్టిన ఈ-వీసా విదేశీయుణ్ణి మతం అడుగుతుంది, పదేళ్లలో తిరిగిన దేశాలు అడుగుతుంది, తల్లిదండ్రుల్లో, తాతల్లో పాకిస్తాన్‌వాళ్లు ఉన్నారా అని అడుగుతుంది. కంటికి కనిపించే గుర్తులేవో చెప్పమంటుంది. పదో తరగతి సర్టిఫికెట్ కోసం రెండు పుట్టుమచ్చలు వెతికించుకున్న జాతి మనది, ఆ గడి పెట్టడానికి మనకే హక్కుంది. ఒంటి మీద మచ్చలేని నిజాయతీగల జర్మన్ అద్దం ముందు నిలబడి వెతుక్కుంటుంటాడు. అబద్ధాలకోరు జర్మన్ ‘ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ’ అని రాసి టికెట్టు కొనుక్కుంటాడు.

ఇంత బాధ దేనికి, నెట్ సెంటర్‌లో ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని ఆఖరి అభ్యంతరం. సరిపోతుంది. బయట దేశాల పేర్లతో, అచ్చం ప్రభుత్వ సైట్‌లా ముస్తాబై, ఉచితంగా దొరికే థాయ్‌లాండ్ అరైవల్ కార్డుకు కూడా డబ్బులు గుంజే సైట్ల కన్నా తెలిసిన కుర్రాడు వెయ్యి రెట్లు నయం. ఆ కుర్రాడికి కష్టాలేమీ లేవు. ప్రశ్న పూర్తిగా తెరమీదికి రాకముందే ‘నో’ నొక్కుతాడు. తెగా? నో. పేలుడు పదార్థాలా? నో. ఈమెయిలు అతనిది, సీక్రెట్ ప్రశ్నకు జవాబు అతని బడి పేరు. తాత పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఓటీపీ చదివి వినిపిస్తుంటాడు. అలా సాగి సాగి ఫారం చివరికొచ్చేసరికి ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ దరఖాస్తు నింపడంలో మీకు ఎవరైనా సాయం చేశారా? దానికి ‘నో’ అని నొక్కేది ఆ సాయం చేస్తున్నవాడే. ‘ఎస్’ అంటే తప్పేమీ లేదు, శిక్షా లేదు, సాయం చేసినవాడి పేరూ చిరునామా మాత్రం అడుగుతారు. మీకు అతను ఏమవుతాడని కూడా అడుగుతారు. మా మరదలి తోడికోడలి తమ్ముడి స్నేహితుడు అని రాయడానికి అక్కడ చోటు సరిపోదు కాబోలు.