లాభం లండన్‌కి, పూచీ హైదరాబాద్‌ది

రైళ్ళ వ్యాపారంలో నష్టభయం ఉంటుందని ఎవరన్నారు? 1883లో లండన్‌లో పుట్టిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీవాళ్ళు వింటే పగలబడి నవ్వుతారు.

వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకి పట్టాలు అప్పటికే ఉన్నాయి. నిజాం సర్కారు పూనికతో వేసినవే. 1874లో బండి నడిచింది. ఎవరి అవసరం కోసమంటారా? కంటోన్మెంటుకి పటాలాలను చప్పున చేరవేయాలనుకున్న తెల్లదొరల కోసం. అవసరం వాళ్ళది, బిల్లు మనది. ఆ లైనును తీసుకెళ్ళి కొత్త కంపెనీ చేతిలో పెట్టారు. పెట్టి ఊరుకున్నారా? పెట్టుబడి మీద ఏటా ఐదు శాతం చొప్పున ఇరవై ఏళ్ళపాటు ముట్టజెబుతామని పూచీ కూడా రాసిచ్చారు. పెట్టెల్లో జనం ఎక్కనీ, ఈగలు తోలుకోనీ, లండన్ వాటాదారుడి వడ్డీకి ఢోకా లేదు. గేదెను అమ్మినవాడే పాలు తగ్గితే తన ఇంటి నుంచి తెచ్చి పోస్తానన్నట్టు!

ఈ బేరానికి మరో పేరు చాందా రైల్వే పథకం. అసలు షరతులేమిటో నలుగురికీ చెప్పండని అడిగినవాళ్ళలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. చదువుకున్నాయన, పాపం, ప్రశ్నకు జవాబు ఉంటుందనుకున్నాడు. సర్కారు ఆయన్ని కొలువు నుంచి తప్పించి, రాజ్యం ఎల్లలు దాటించింది. ఆ రైల్వే చరిత్రలో ఆలస్యం లేకుండా సాగిన మొదటి ప్రయాణం బహుశా అదే. ఎందుకంటే చాందా పేరు చెప్పి మొదలైన పథకం బెజవాడకి 1889లో చేరింది గానీ, కాజీపేట నుంచి చాందా వైపు బల్లార్షాకు పట్టాలు పూర్తయ్యేసరికి 1920ల చివరి రోజులొచ్చాయి.

మధ్యలో ఇల్లెందు బొగ్గు కోసం డోర్నకల్ నుంచి ఓ లైను పడింది. కాచిగూడలో గుమ్మటాల స్టేషను లేచింది. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం ఆ కంపెనీని కొనేసింది. అవును, డబ్బిచ్చి కొంది; అందులో ఒకప్పటి తన సొంత లైను కూడా ఉంది. రెండేళ్ళకు 27 బస్సులు కూడా ఆ రైల్వే పద్దులోనే రోడ్డెక్కాయి. నేటి ఆర్టీసీకి అవే తాతముత్తాతలు.

సొంతమైందన్న ముచ్చటైనా ఎన్నాళ్ళు? 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేలో కలిపారు. ప్రధాన కార్యాలయం బొంబాయి. సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడేదాకా మన ఫైళ్ళు వాడి మీదుగా అటే వెళ్ళాయి, వాటికి మాత్రం టిక్కెట్టు అడిగినవాడు లేడు.