బంతిపూలకి శుభలేఖ అందలేదు

జాతకాలు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోతున్నారు గానీ, మండపంలో పూల రంగు పెళ్ళికూతురి చీరతో కలవకపోతే ఈ రోజుల్లో పెళ్ళి ఆగిపోయేలా ఉంది. ఈ పొంతన చూసే సిద్ధాంతి పేరు డెకరేటర్. పంచాంగం బదులు ఆయన చేతిలో ట్యాబ్ ఉంటుంది. వేలితో బొమ్మలు జరుపుతూ, "ఇది లావెండర్ థీమ్ సార్, ఇది పీచ్, ఇది ఐవరీ. ఇప్పుడన్నీ పేస్టల్సే నడుస్తున్నాయండీ" అంటాడు. పిల్ల తల్లి ఉండబట్టలేక "నాలుగు బంతిపూల దండలు కూడా కట్టించు బాబూ, కళగా ఉంటుంది" అందనుకోండి, ఆమెకేసి జాలిగా చూస్తాడు. "బంతి పెడితే దసరాకి లారీ కడిగి పూజ చేసినట్టుంటుంది ఆంటీ!" పిల్ల తల పట్టుకుంటుంది. తండ్రి చెక్కుబుక్కు పట్టుకుంటాడు.

అలా బంతికి ఉద్వాసన జరిగింది. దాని వెనకే చామంతి, కనకాంబరం, మరువం మూటాముల్లె సర్దుకున్నాయి. ఖాళీ అయిన చోట్లోకి థాయ్‌లాండ్ ఆర్కిడ్లు, హాలెండ్ హైడ్రేంజియాలు వచ్చి కూర్చున్నాయి. ఆ హాలెండులో ఆల్స్‌మీర్ అనే ఊళ్ళో పేరుమోసిన పూల వేలం జరుగుతుంది. అక్కడి పాట మనకి తలకిందులు. గడియారంలాంటి పలక మీద ధర పైనుంచి కిందికి దిగుతూ ఉంటుంది, ముందు మీట నొక్కినవాడిది సరుకు. అలా దిగుతూ బయల్దేరిన ధర, శంషాబాదులో విమానం దిగాక మాత్రం మరి దిగడమన్నది ఎరగదు. ఆడపిల్ల తండ్రి చెయ్యి తగిలేదాకా ఎక్కుతూనే ఉంటుంది.

పోనీ, వచ్చిన అతిథి నిలబడుతుందా? హైడ్రేంజియా చల్లటి చోటు కోరే పువ్వు, పైగా దానికి తీరని దాహం. దాన్ని మే నెల ఎండల్లో రాజమండ్రి తెచ్చి, రాత్రి రెండు గంటల ముహూర్తానికి మధ్యాహ్నమే మండపం ఎక్కిస్తారు. పురోహితుడు వచ్చేసరికి అది తల వాల్చేస్తుంది. అలా వాల్చకుండా దాన్ని ఓ పచ్చటి ఫోమ్ ఇటుకలో గుచ్చుతారు. 1954లో అమెరికాలో పుట్టిన సరుకిది. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసే ప్లాస్టిక్. పువ్వు మర్నాటికి కుళ్ళుతుంది, ఇటుక కుళ్ళదు. పెళ్ళంటే నూరేళ్ళ పంట అన్నారు పెద్దలు. మిగతావాటి సంగతి తెలీదు గానీ, ఇటుక విషయంలో అక్షరాలా నిజం.

సంప్రదాయం పేరు చెప్పి మీసం తిప్పేవాళ్ళు అప్పుడే తిప్పకండి. బంతి కోనసీమలో పుట్టలేదు, దాని పుట్టిల్లు మెక్సికో. కనకాంబరానికి వాసన పేరుకైనా ఉండదు. పరాయిదనీ, పరిమళం లేదనీ ఏ పువ్వునీ గుమ్మం బయట నిలబెట్టే ఉద్దేశం నాకు లేదు. మన ఎండ కాచుకుని, మన అరటినారలో చిక్కుకుని, మూరల లెక్కన బేరమాడించుకున్న పువ్వు మన పువ్వే. నా గొడవల్లా గోడకి మ్యాచింగయ్యే ఉద్యోగం పువ్వుకి పడినందుకే. మల్లెమొగ్గ పొద్దుగూకాక విచ్చుకుంటుంది, అంటే రాత్రి లగ్నాలకి అంతకన్నా సమయపాలన తెలిసిన చుట్టం దొరకదు. కానీ దాని విద్యంతా వాసనలో ఉంది. డ్రోన్ కెమెరాకి ముక్కు లేదు. అంచేత సెలెక్ట్ కాలేదు.

ఇక రిసెప్షన్ బొకే. కానుకలు తేవద్దని శుభలేఖలో వేస్తారు, ఒట్టి చేతుల్తో వెళ్ళడానికి మనకి మొహం చెల్లదు. దారిలో ఆగి, నాలుగు జెర్బెరాలు, రెండు కార్నేషన్లు, మెరుపుపొడి చల్లిన ఆకులు, చుట్టూ గరగరలాడే కాగితం, మొత్తం కలిపి ఓ పొట్లం కొంటాం. గంటసేపు క్యూలో మోసుకెళ్ళి పెళ్ళికూతురికి ఇస్తాం. ఆవిడ చెయ్యి తగిలీ తగలకముందే వెనకున్న కుర్రాడు అందుకుని తెర వెనక్కి గిరాటేస్తాడు. ఫోటో తీసేవాడు "సార్, ఇటు చూడండి" అనేటప్పటికి మన చేతిలో బొకే లేదు, వాళ్ళ చేతిలోనూ లేదు. కాసేపటికి అదే పొట్లం మరొకరి చేతిలో మళ్ళీ వేదికెక్కిందని గిట్టనివాళ్ళు అంటారు. అవతల కడియపులంక మార్కెట్లో ధర పడిపోయిన రోజున కోత కూలి కూడా రాక రైతు బంతీ చామంతీ పారబోసి ఇంటికెళతాడు. పాపం, అతని దగ్గర లావెండర్ రంగు లేదు.

ఇంత ఖర్చూ పెట్టి అన్నీ అసలు పూలేనా అంటే అదీ కాదు. చేతికందే ఎత్తు వరకు అసలువి, ఆపైన గుడ్డవి. మొన్నొక పెళ్ళిలో పొడుగాటి పెద్ద ముత్తయిదువ ఒకావిడ మండపం స్తంభం పైనుంచి ఓ గులాబీ లాగి కొప్పులో తురుముకుంది. అంతే, డెకరేటర్ కుర్రాడు తలంబ్రాల మధ్యలోంచి పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో మామ్మగారూ, అది ఇచ్చెయ్యండి! దానికి రేపు నెల్లూరులో పెళ్ళుంది!"