ఐదుగురిని వాళ్లు, ఒకరిని మనం

బీబీసీ ఇచ్చే ‘ఇండియన్ స్పోర్ట్స్‌వుమన్ ఆఫ్ ది ఇయర్’ అవార్డులో పని రెండు వాటాలు. క్రీడా విలేకరులు, నిపుణులు, రచయితలు కూర్చుని ఏడాదంతా జరిగిన ఆటలన్నీ వడపోసి ఐదు పేర్లు తేలుస్తారు. ఆ ఐదుగురిలో ఒకరికి జనం ఆన్‌లైన్‌లో ఓటేస్తారు. ‘ఫలానా ఆమె పేరేదీ?’ అన్న తిట్లు వాళ్లకి, గెలిపించిన గొప్ప మనకి.

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లకి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. అసోసియేషన్ మీటింగుకి పదిమంది రారుగానీ, ఫోన్‌లో ఓటనగానే అమ్మమ్మల దగ్గర్నుంచి అందరూ హాజరు.

2019కి మొదటి అవార్డు పి.వి.సింధుది. పేచీయే లేదు. ఆ ఆగస్టులో బాసెల్‌లో బ్యాడ్మింటన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌ని 21-7, 21-7తో 38 నిమిషాల్లో ముగించేసింది. ఆఫీసు వేళల్లో అంతసేపట్లో మేం సిల్క్ బోర్డు జంక్షన్ దాటితే గొప్ప.

గొడవంతా మరుసటి ఏడాది. మను భాకర్, ద్యుతీ చంద్, వినేశ్ ఫోగట్, రాణీ రాంపాల్ సరసన మన చదరంగం క్రీడాకారిణి కోనేరు హంపి పేరొచ్చింది. అగర చెరువు చుట్టూ నడిచి, చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకునే మూడో అంతస్తు మేనేజర్ గారు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నిలదీశారు: “చెమట పట్టకుండా ఆటేంటండీ?”

కింద ఫ్లాట్ బాబాయిగారు తడుముకోలేదు. “ఆవిడకి పట్టదండీ, ఎదురుగా కూర్చున్నవాళ్లకి పడుతుంది.”

బిడ్డ కోసం రెండేళ్లు ఆట ఆపి, తిరిగొచ్చి, 2019 డిసెంబరులో మాస్కోలో హంపి ర్యాపిడ్ ప్రపంచ విజేత అయిందని మా ఆవిడ గుర్తుచేసింది. పాప పుట్టిందని జిమ్ మానేసిన మేనేజర్ గారు ఇక మాట్లాడలేదు. వాళ్ల పాప ఇప్పుడు టెన్త్.

హంపి గెలిచింది. పొద్దస్తమానం కుర్చీలోంచి లేవని సాఫ్ట్‌వేర్ జనం అది తమ గెలుపేనన్నట్టు పొంగిపోయారు.

2021కి అవార్డు మీరాబాయి చానుకి వెళ్లినా, జీవనసాఫల్య పురస్కారం మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరికి దక్కింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమె ఒక్క ప్రయత్నంలో తలపైకెత్తిన బరువు 130 కిలోలు, అంటే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఆరున్నర. మేం ఒక్క క్యాన్ డిస్పెన్సర్ మీద పెట్టడానికి వాచ్‌మన్‌ని కేకేస్తాం.

ఇంత వాదించుకున్నామా, ద్యుతీ ఎన్ని మీటర్లు పరిగెత్తుతుందో, వినేశ్ ఏ బరువులో కుస్తీ పడుతుందో గ్రూపులో ఎవరూ అడగలేదు. అవన్నీ చూసేది విలేకరులు. మేం చూసేది ఇంటిపేరు, జిల్లా. అందుకే నాదొక భయం. ఏదో ఒక ఏడాది జ్యూరీ ఐదుగురినీ తెలుగువాళ్లనే ఎంపిక చేసిందంటే మా పని అయిపోయినట్టే. అప్పుడు ఆట చూసి ఓటెయ్యాలి.