నాన్నగారికి నప్పే ఈ-సిగరెట్‌ను ఎంచుకోవడం ఎలా?

పుప్పాలగూడలో ఇరవయ్యో అంతస్తులో ఫ్లాటు కొన్నారు. ఊళ్లో ఒక్కరే ఎందుకని నాన్నగారిని తెచ్చుకున్నారు. ఆయన వెంట ఆయన సిగరెట్టూ వచ్చింది. నెల తిరక్కముందే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పై అంతస్తు ఆవిడ మెసేజ్ పెట్టింది: "కొందరి బాల్కనీల్లోంచి పొగ వస్తోంది, గమనించ ప్రార్థన." కింద వరసగా దణ్ణాల బొమ్మలు. ఆ కొందరెవరో అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్లుగా ఆయన దగ్గుతుంటే రాని బెంగ మీకు ఆ పూటే వచ్చింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, అదన్నమాట. వెంటనే ఫోన్ తీసి, పెద్దవాళ్లు తేలిగ్గా వాడుకోగల ఈ-సిగరెట్ కోసం వెతకడం మొదలెట్టారు. మంచి పని. ఐటీ వాళ్లకు తగిన పరిష్కారం. నాన్నగారితో మాట్లాడాల్సిన పని లేదు, ఆర్డర్ పెడితే చాలు.

కొనేముందు వాడేవారి అవసరాలు తెలుసుకోవాలి. ఆఫీసులో దీన్నే రిక్వైర్‌మెంట్స్ అంటారు కదా. ఇంతకీ నాన్నగారు తాగేదేమిటి? హైదరాబాదు పాతకాపు అయితే ఒకప్పుడు చార్మినార్ తాగే ఉంటారు. 1930లో ఈ ఊళ్లోనే పుట్టిన వజీర్ సుల్తాన్ కంపెనీ సరుకది. ఫిల్టర్ లేని ఆ సిగరెట్టుతో మీసాలు మొలిచిన తరానికి ఫిల్టరే ఒక కల్తీ. సిరిసిల్ల, జగిత్యాల వైపు వారైతే తునికాకు బీడీ. గోదావరి వైపు వారైతే లంక పొగాకు చుట్ట. ఇప్పుడు ఈ-సిగరెట్ల రుచుల పట్టిక తెరవండి: మామిడి, పుచ్చకాయ, పుదీనా ఐస్, బబుల్‌గమ్. డెబ్బై ఐదేళ్ల మనిషికి ఇది చదివి వినిపిస్తే "నాకిప్పుడు ఆకలిగా లేదురా" అంటారు. శ్రీకాకుళం వైపు నుంచి అమ్మమ్మను తెచ్చుకున్నవారి సంగతి ఇంకా వేరు. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం, అలవాటైన మనిషికి ఈ యంత్రం ఏ కొస నోట్లో పెట్టుకోవాలో వివరించే బాధ్యత మీదే. చార్జింగ్ పెట్టే కొసే ఆవిడకు నచ్చవచ్చు.

తర్వాత వాడకంలో తేలిక చూడండి. బటన్ ఉన్న రకాల్లో చాలావాటిని గబగబా ఐదుసార్లు నొక్కితే ఆన్ అవుతాయి, మళ్లీ ఐదుసార్లు నొక్కితే ఆఫ్. నాన్నగారు నాలుగుసార్లు నొక్కి, కళ్లజోడు సవరించుకుని, ఐదోసారి నొక్కేసరికి లెక్క మళ్లీ మొదటికొస్తుంది. బటన్ లేని రకానికి పీలిస్తే చాలు. అయితే బ్యాటరీ అయిపోయిందని చెప్పేది ఆవగింజంత లైటు, అది కనబడేది కుర్రకళ్లకే. ద్రవం నింపుకునే రకమైతే సన్నటి రంధ్రంలో చుక్కచుక్కగా పోయాలి. చెయ్యి వణికిందా, టీపాయ్ మీద పడుతుంది. ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెడతాను: అది నికోటిన్ ద్రవం, పైగా పండ్ల వాసన. ఇంట్లో పసిపిల్లలు కొంచెం మింగినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఇవన్నీ ఓపిగ్గా చెప్పాక ఆయన "దీనికంటే అగ్గిపెట్టె నయం కదురా" అంటే నొచ్చుకోకండి. యూజర్ ఫీడ్‌బ్యాక్ అనుకోండి.

ఇన్ని పరీక్షలకూ నిలిచిన మోడల్ దొరికిందనుకుందాం. ఇప్పుడొక చిన్న చిక్కు. మన దేశంలో దాన్ని అమ్మడం నేరం. 2019 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం ఆర్డినెన్సుకు ఒప్పుకుంది. ఆ సంగతి విలేకరులకు చెప్పింది ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్. డిసెంబరుకల్లా అది చట్టమైపోయింది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన, అన్నిటికీ తాళం. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ పెట్టుకున్నందుకు విడిగా 6 నెలలు లేదా 50 వేలు, లేదా రెండూ. "ఇందులో నికోటిన్ లేదండీ" అన్నా లాభం లేదు. ఉన్నా లేకున్నా, ఆవిరి చేసి పీల్పించే యంత్రమైతే చాలు, ఈ-హుక్కాతో సహా. సోదా చేసే అధికారం ఎస్సై నుంచి పైవాళ్లకుంది.

ఐటీ కారిడార్‌లో దొరకనిదంటూ ఉంటుందా అంటారు. ఎవరో కుర్రాడి నంబరు ఎవరో ఇస్తారు, వాడు బండి మీద వచ్చి గేటు బయట చేతిలో పెట్టి పోతాడు. బిల్లు లేదు, వారంటీ లేదు, లోపలున్న ద్రవం ఎవరు ఎక్కడ కలిపారో తెలియదు. వారంటీ లేని ఫోన్ చార్జర్ కూడా కొనని మీరు, నాన్నగారి ఊపిరితిత్తుల దగ్గరికొచ్చేసరికి అంత పట్టింపు పెట్టుకోకండి. లేదంటే డాలస్ బావమరిది ఉండనే ఉన్నాడు. ఆవకాయ అటు వెళ్లిన సూట్‌కేసులోనే ఇది ఇటు వస్తుంది. అదీ దిగుమతే. విడిభాగాలుగా తెస్తే సరిపోతుందన్న ఆలోచన చట్టం రాసినవాళ్లకు మీకంటే ముందే వచ్చింది, భాగాలను కూడా కలిపే రాశారు.

తిరిగి తిరిగి అలిసిపోయారా? గేటు దాటి రోడ్డు మీదికి రండి. పాన్ డబ్బా. పెద్దవాళ్లు తేలిగ్గా వాడుకోగల పరికరం అక్కడే ఉంది: చార్జింగ్ అక్కర్లేదు, బటన్ లేదు, కాయిల్ లేదు, విడిగా ఒక్కటైనా ఇస్తారు. దీనికీ చట్టం ఉంది, 2003 నాటిది. బడికి 100 గజాల లోపు అమ్మకూడదు, 18 ఏళ్లు నిండనివారికి ఇవ్వకూడదు, బహిరంగ ప్రదేశంలో కాల్చితే 200 రూపాయల దాకా జరిమానా. నిప్పంటించి పీలిస్తే 200, ఆవిరి అమ్మితే లక్ష. పిల్లలు అలవాటు పడతారన్న భయంతో ఈ-సిగరెట్ ఆపారు. ఆ భయం ఉత్తది కాదు, అమెరికా హైస్కూళ్లు అడగండి చెబుతాయి. మరి తాతల మాట? 2016-17లో దేశమంతా చేసిన సర్వేలో పొగాకు వాడే పెద్దలు 26 కోట్ల పైచిలుకు తేలారు. వాళ్ల సరఫరాకు ఏ లోటూ రాలేదు. పొగాకు రైతుకు గుంటూరులో 1976 నుంచి బోర్డుంది. సిగరెట్లు చేసే ఐటీసీలో పెద్ద వాటాదారుల్లో ఒకటి ఎల్ఐసీ. నాన్నగారు కట్టిన ప్రీమియం నాన్నగారి సిగరెట్టులోకి ఎలా చేరిందో సాయంత్రం టీ తాగుతూ ఆయనకే వివరించండి, సంతోషిస్తారు.

అసలు ఈ యంత్రం పుట్టింది కూడా ఒక కొడుకు చేతుల్లోనే. నేటి రూపంలో ఈ-సిగరెట్‌ను 2003లో తయారుచేసిన చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ స్వయానా పొగరాయుడు. తండ్రిదీ అదే అలవాటు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. బ్రిటన్ ప్రభుత్వం 2023లో 10 లక్షల మంది పొగరాయుళ్లకు సిగరెట్టు బదులు వేప్ కిట్లు ఇస్తామని ప్రకటించింది. గమ్, ప్యాచ్‌ల కంటే నికోటిన్ ఈ-సిగరెట్‌తో మానినవారే ఎక్కువని, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. దీర్ఘకాలంలో అది ఏం చేస్తుందో ఇంకా తేలలేదనీ చెబుతున్నాయి. అక్కడ ప్రభుత్వమే చేతిలో పెడుతుంది, ఇక్కడ ఎస్సై చేతిలోంచి తీసుకుంటాడు. ఈ లెక్కలో యాభై ఏళ్లుగా కాలుస్తున్న ముసలాయనకు మన దగ్గర అన్యాయమే జరిగిందని నా అభిప్రాయం. అయినా ఆ కారణంగా బండి మీది కుర్రాడి సరుకు మంచిదైపోదు.

చట్టాన్ని ఓపిగ్గా చదివితే ఒక సందు కనిపిస్తుంది. మందుల చట్టం కింద లైసెన్సు ఉన్నవాటికి ఈ నిషేధం వర్తించదు. అంటే మెడికల్ షాపు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండానే ఇస్తారు. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. నెమ్మదిగా నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకుని ఆగాలి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ తాగిన వెంటనే వేసుకుంటే సరిగా పనిచేయదు. కట్టుడు పళ్లకు అతుక్కుంటుంది కాబట్టి అలాంటివారికి చర్మానికి అంటించే ప్యాచ్ మేలు. గుండె జబ్బు, బీపీ ఉంటే ముందు డాక్టరును అడగండి.

అంతకుముందు ఆయన్ని అడగండి. ఈ గైడులో ఇదొక్కటే కష్టమైన మెట్టు. దీనికి యాప్ లేదు, పక్కవీధి కుర్రాడు తెచ్చివ్వడు. బాల్కనీ తలుపు తీసుకుని వెళ్లి, ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వాట్సాప్ గ్రూపు ఊసెత్తకుండా "నాన్నగారూ, మానేయాలని ఎప్పుడైనా అనిపించిందా మీకు?" అనాలి.

"ఎన్నిసార్లు మానేశాన్రా. నువ్వెప్పుడు చూశావు గనక?"

ఆ జవాబు వచ్చాక ఏ మోడల్ కొనాలన్న ప్రశ్న కాసేపు ఆగుతుంది. ఎన్నోసారి, ఎన్నాళ్లు, మళ్లీ ఎందుకు మొదలైంది, ఇవన్నీ డాక్టరు కూడా అడిగేవే. ముందే రాసిపెట్టుకోండి.

చివరగా ఒక కొనుగోలు సలహా. రేపు ఆయనకు విడిగా ఒకటి కాకుండా పెట్టె కొనివ్వండి. 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండే ఆ పెట్టె మీద 2018 నుంచి ఒక నంబరు వేస్తున్నారు. మానాలనుకునేవారి కోసం కేంద్ర ఆరోగ్యశాఖ పెట్టిన క్విట్‌లైన్ అది. ఒక్కొక్కటే కొనుక్కునే మనిషి కంట అది ఏనాడూ పడి ఉండదు. పెట్టె ఖర్చు దండగనుకుంటే ఇక్కడే రాసుకోండి: 1800-11-2356. డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు.